ఎపిస్కోపలు సంఘపుటారాధనమున ఋతుగానము

దేవతారాధనమునకు గానము అంగమగుట సర్వదేశములయందును గలదు. అయితే ఆ గానము రెండు తెఱఁగుల నుండును. భక్తుని యావేశమును బట్టి యే పాటనైనను ఏ దినమునైనను పాడుకొనుట యొకటి. ఏ దినమున ఏ పాట పాడవలెనో, ఏ పాట పాడరాదో కాలమే నిర్ణయింపఁగా గాయకుఁడు దానికి లోఁబడి పాడుట రెండవది. మొదటిదానియందు గానమునకు నియామకుఁడు మనుష్యుఁడు, రెండవదానియందు కాలము. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠింపఁబడుట యెఱిఁగిన తెలుఁగువారికి ఈ రెండవ పద్ధతి క్రొత్తది కాదు.

పాశ్చాత్య క్రైస్తవసంఘములలో ఈ పద్ధతిని శ్రద్ధతో కాపాడుకొనుచున్న వానిలో ఇంగ్లండు సంఘమును, దాని సంతతియై అమెరికాలో వెలసిన ఎపిస్కోపలు సంఘమును ముఖ్యములు. ఆ సంఘపు దేవాలయములలో సంవత్సరము పొడవునను సాగు బృందగానముయొక్క స్వరూపమును, దానికి మూలమైన నియమములను వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆ గానమును వినువారు సామాన్యముగా పాడఁబడినదానినే మెచ్చుకొందురు. కాని దాని మర్మము పాడఁబడనిదానియందే యున్నది. ఏ మాట యేకాలమున నిషిద్ధమో తెలియనిచో, ఆ మాట వేఱొక కాలమున ఏల యంత వైభవముతో పాడఁబడుచున్నదో బోధపడదు.

సంఘముయొక్క పుట్టువు

ఎపిస్కోపలు అను పేరు గ్రీకుభాషలోని 'ఎపిస్కొపొస్' అను శబ్దమునుండి వచ్చినది. పైనుండి కనిపెట్టి చూచువాఁడు, అధ్యక్షుఁడు అని దాని యర్థము. బిషప్పు అను పదమును ఆ శబ్దమునకే వికృతి. కాఁబట్టి బిషప్పుల పాలనమునందున్న సంఘమని ఈ పేరునకు తాత్పర్యము. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము 1783లో ముగిసినపిమ్మట, అక్కడి ఆంగ్లికను క్రైస్తవులు ఇంగ్లండురాజునకు విధేయులుగా నుండఁజాలక, తమకు వేఱుగా బిషప్పులను సంపాదించుకొనవలసినవారైరి. కనెక్టికటుప్రాంతీయుఁడగు శామ్యూలు సీబరీ 1784లో స్కాట్లండులోని అబర్డీనునగరమున బిషప్పుగా నభిషిక్తుఁడయ్యెను. 1789లో ఆ సంఘము తన ప్రార్థనాగ్రంథమును తాను ఏర్పఱచుకొనెను. అది 1892, 1928, 1979 సంవత్సరములలో సంస్కరింపఁబడినది. నేఁడు వాడుకలోనున్నది 1979 నాఁటి గ్రంథము. ఈ ప్రార్థనాగ్రంథమే గానమునకు శాసనము. గాయకబృందము ఎంత ప్రసిద్ధమైనదైనను, దాని నాయకుఁడు ఎంత విద్వాంసుఁడైనను, గ్రంథమందలి కాలనియమమునకు లోఁబడియే పాటలను ఎన్నుకొనవలెను.

కాలగణనము

ఈ సంఘపు సంవత్సరము జనవరితో ఆరంభింపదు. నవంబరు 30వ తేదికి సమీపమందలి యాదివారముతో ఆరంభించును. ఆనాఁటినుండి నాలుగు ఆదివారములతోఁ గూడినది ఆగమనకాలము. డిసెంబరు 25నుండి పండ్రెండు దినములు క్రీస్తుజన్మకాలము. జనవరి 6న ప్రత్యక్షతాపర్వము. తరువాత భస్మబుధవారముతో మొదలగునది లెంటు అను తపఃకాలము. ఆదివారములను విడిచి లెక్కింపఁగా దానికి నలువది దినములు. దాని కడపటి వారము పరిశుద్ధవారము. ఆవల ఈస్టరు అను పునరుత్థానపర్వమును, దానితో మొదలై పెంతెకొస్తుదాఁక ఏఁబది దినముల యుత్సవకాలమును వచ్చును. మిగిలిన దీర్ఘకాలము సామాన్యకాలము.

ఇందు క్రీస్తుజన్మదినము సౌరమానము ననుసరించి స్థిరముగా నుండును. ఈస్టరు చాంద్రమానము నాశ్రయించి మాఱుచుండును. మార్చి 21న గాని, ఆవల గాని వచ్చు మొదటి పూర్ణిమను సంఘగణితము ప్రకారము నిర్ణయించి, దాని తరువాతి యాదివారమును ఈస్టరుగా గ్రహింతురు. అందువలన ఆ పండుగ మార్చి 22 మొదలు ఏప్రిలు 25 వఱకు నేదినమునైనను రావచ్చును. రెండు మానములు నొక్క సంవత్సరమున నిమిడియుండుటచేత, గాయకనాయకుఁడు ఏఁటేఁట పంచాంగమును చూచుకొనియే తన పాటల పట్టికను వ్రాసికొనవలసియున్నది.

వచనమును పాడువిధానము

ఋతువులు మాఱినను మాఱని యాధారము ఈ గానమున కొకటి కలదు. అది దావీదు పేర ప్రసిద్ధమైన కీర్తనల గ్రంథము. అందలి కీర్తనలు నూటయేఁబది. ఇంగ్లండు ప్రార్థనాగ్రంథము వానిని నెలలోని ముప్పది దినములకును, ప్రతిదినమునందు ఉదయసాయంకాలములకును పంచి, అఱువది భాగములు చేసెను. ఈ పంపకమున నెలలో పదునైదవనాఁటి సాయంకాలమునకు డెబ్బదిమూఁడు వాక్యములుగల 78వ కీర్తన వచ్చును. ఆ సాయంకాలము గాయకుల యోర్పునకు పరీక్ష.

ఈ కీర్తనల యింగ్లీషుపాఠము ఛందోబద్ధము కాదు, వచనము. హీబ్రూకవిత్వమున ప్రతివాక్యమును రెండు ఖండములుగా నుండి, రెండవఖండము మొదటిదానిని వేఱుమాటలతో పునరుక్తము చేయుటయో, దానికి ప్రతిపక్షముగా నిలుచుటయో సామాన్యలక్షణము. ఈ లక్షణమును 1753లో రాబర్టు లౌతు అను పండితుఁడు శాస్త్రీయముగా వివరించెను. అయితే లౌతునకు పూర్వమే ఆంగ్లికను గాయకులు దీనిని తమ గానపద్ధతిచేత పట్టుకొనియుండిరి. వారి పద్ధతియందు వరుసకు రెండు భాగములుండును. మొదటిభాగమున నాలుగు స్వరములు, రెండవభాగమున నాఱు స్వరములు, వెరసి పది. ప్రతిభాగమునందును మొదటిస్వరము పఠనస్వరము. వాక్యఖండమున నెన్ని యక్షరములున్నను వానిని ఆ స్వరముపై మాటలాడినట్లు పఠించి, ఖండాంతమందలి కొన్ని యక్షరములను మాత్రమే మిగిలిన స్వరములకు కుదుర్తురు. వాక్యము దీర్ఘమైనచో పఠనస్వరము దీర్ఘమగును, వరుస మాఱదు. కావున గణములు లేకయే వచనము గేయమగుచున్నది.

తాళ్లపాకవారి వచనములను, దండకములను పఠించు సంప్రదాయములను ఎఱిఁగినవారికి, ఛందస్సు లేనిచోట లయ యెట్లు నిలుచునను ప్రశ్న పరిచితమే. ఇచ్చట లయకు మూలము తాళము కాదు, వాక్యార్థము. పదము విఱుగవలసినచోట విఱుగక, ఊనిక తప్పినచో, నలువురు సుస్వరముగా పాడినను ఆ గానము చెడినదనియే పెద్దల యభిప్రాయము. గాయకులు దేవాలయమున దక్షిణోత్తరములుగా నెదురెదుర నిలిచి, వాక్యమువెంట వాక్యము మార్చి మార్చి పాడుదురు. నాలుగు స్థాయిల కంఠములు ఏకకాలమున కలియుటచేత శ్రోతకు ఒక్క వచనమే నాలుగు పొరలుగా వినఁబడును.

మాట వినఁబడవలెనను నియమము ఈ సంఘమునకు మొదటినుండియు గలదు. ప్రార్థనాగ్రంథమును కూర్చిన టామసు క్రాన్మరు 1544లో ఎనిమిదవ హెన్రీరాజునకు వ్రాసిన లేఖయందు, అక్షరమున కొక్కటి చొప్పున స్వరముండిన గాని మాట స్పష్టము కాదను నభిప్రాయమును తెలిపెను. జాను మెర్బెకు 1550లో ప్రకటించిన స్వరసహిత ప్రార్థనాగ్రంథము ఆ యభిప్రాయమునకు లక్ష్యము. ఎలిజబెతురాణి 1559లో చేసిన శాసనములు మధ్యేమార్గము నవలంబించినవి. ప్రార్థనభాగములను గానముచేయునపుడు మాట చదివినంత స్పష్టముగా వినఁబడవలెను. ప్రార్థనకు ముందో వెనుకనో సంగీతప్రియులకొఱకు ఉత్తమమైన రచన నొకదానిని పాడవచ్చును. ఈ రెండవదియే ఆంథెమను గేయప్రబంధముగా వృద్ధిపొంది, టామసు టాలిసు, విలియము బర్డు మొదలగువారికి రచనావకాశము నొసఁగెను.

సాయంకాలప్రార్థన

బృందగానమునకు నెలవైన యారాధనము సాయంకాలప్రార్థన. మఠములలో సూర్యాస్తమయమునను శయనమునకు ముందును వేర్వేఱుగా జరుగుచుండిన రెండు ప్రార్థనలను కలిపి 1549 నాఁటి గ్రంథమున దీనిని కూర్చిరి. ఆ రెంటినుండి వచ్చిన రెండు గీతములు దీనికి హృదయము. మొదటిది మరియ పాడినట్లు లూకాసువార్తయందున్న స్తోత్రము. బలవంతులు సింహాసనములనుండి దింపఁబడుటయు, దీనులు హెచ్చింపఁబడుటయు దాని విషయము. రెండవది వృద్ధుఁడగు సుమెయోను శిశువును చేతులలోనికి తీసికొని, ఇంక తాను శాంతితో వెడలిపోవచ్చునని పాడిన స్తోత్రము. ఒకటి కన్యయొక్క యారంభగీతము. ఒకటి వృద్ధునియొక్క ముగింపుగీతము. నడుమ జీవితమంతయు ఇమిడినది. ఈ రెండు గీతములకు నాలుగు శతాబ్దులకుఁ బైగా వరుసలు కట్టఁబడుచునే యున్నవి.

అమెరికాసంఘచరిత్రమున నిచ్చట నొక వింత కలదు. 1789 నాఁటి వారి గ్రంథమున ఈ రెండు గీతములును తొలఁగింపఁబడి, వాని స్థానమున కీర్తనల గ్రంథములోని భాగములు చేర్పఁబడెను. మరల 1892 నాఁటి సంస్కరణముననే అవి స్వస్థానమును పొందినవి. అనఁగా నూఱుసంవత్సరములకుఁ బైగా అమెరికాలోని సాయంకాలప్రార్థన తన హృదయమును గోల్పోయి నడచినది. మరలివచ్చుటకు కారణములలో, 1833లో ఆక్స్‌ఫర్డున పుట్టిన ప్రాచీనాచారపునరుద్ధరణోద్యమముయొక్క ప్రభావము గణనీయమైనది.

ఆగమనకాలము: ఎదురుచూపు

ఆగమనకాలమున నియమము నిరీక్షణము. 'గ్లోరియా' అను మహిమస్తోత్రమును ఈకాలపు ఆదివారములలో పాడఁగూడదని 1979 నాఁటి గ్రంథము విధించును. దానికి హేతువు సులభగ్రాహ్యము. ఆ స్తోత్రముయొక్క మొదటివాక్యము, క్రీస్తు పుట్టిన రాత్రి దేవదూతలు గొల్లలకు వినిపించినది. శిశువు పుట్టకమునుపే దూతల పాటను పాడుట కాలవిరుద్ధము. కావున నాలుగువారములు ఆ పాట మౌనముగా నుండి, జన్మరాత్రియందు ఒక్కసారిగా మ్రోఁగును. నిషేధమే దానికి క్రొత్తఁదనము నిచ్చుచున్నది.

ఈకాలపు గానములలో పండితులకు మిక్కిలి రుచించునవి 'ఓ' అను సంబోధనముతో మొదలగు సప్తగీతములు. డిసెంబరు 17నుండి 23వఱకు దినమున కొకటి చొప్పున, సాయంకాలమున మరియగీతమునకు ముందువెనుకల ఇవి పాడఁబడును. ఓ జ్ఞానమా, ఓ ప్రభూ, ఓ యెష్షయి మూలమా, ఓ దావీదు తాళపుచెవీ, ఓ యుషఃకాంతీ, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానుయేలూ అని యేడు సంబోధనములు. లాటినుభాషలో ఈ యేడు సంబోధనపదముల మొదటియక్షరములను కడనుండి వెనుకకు చదివినచో 'ఏరో క్రాస్' అను వాక్యమేర్పడును. 'రేపు నేను ఉందును' అని దాని యర్థము. కడపటి గీతము పాడఁబడిన మఱునాఁడు జన్మపర్వపు ముందురాత్రి. మన బంధకవిత్వములయందువలెనే ఇచ్చటను గూఢాక్షరములు ఆడెడు మాట, పైకి వినఁబడెడు ప్రార్థనకు ప్రత్యుత్తరమగుచున్నది. రమ్మని యేడుదినములు పిలిచినవారికి, ఆ పిలుపుల మొదళ్లలోనే 'వచ్చెద' నను సమాధానము దాఁగియున్నది. ఈ గీతముల సారమును గ్రహించిన లాటినుపద్యమును జాను మేసను నీలు 1851లో ఇంగ్లీషున కనువదించెను. ఆ యనువాదమే నేఁడు ఇంగ్లీషు మాటలాడు సంఘములన్నిటను ఆగమనకాలమునకు ప్రధానగీతమైనది.

క్రీస్తుజన్మకాలము

తొమ్మిది పాఠములును జన్మగీతములును గల యారాధనము లోకప్రసిద్ధము. ఆదాము పతనమునుండి వాక్యావతారమువఱకు బైబిలులోని తొమ్మిది భాగములను వరుసగా చదువుచు, నడుమ నడుమ గీతములు పాడుట దాని పద్ధతి. ఇది ప్రాచీనమని పెక్కురు తలఁతురు గాని, 1880లో ఇంగ్లండులోని ట్రూరో బిషప్పగు ఎడ్వర్డు వైటు బెన్సను దీనిని కల్పించెను. అప్పటికి అక్కడ ప్రధానదేవాలయము కట్టఁబడలేదు. కొయ్యతో తాత్కాలికముగా నిర్మింపఁబడిన శాలలో ఆ రాత్రి యారాధనము జరిగెను. చదువువారు గాయకబాలునితో మొదలై బిషప్పుతో ముగియునట్లు క్రమముగా నేర్పఱుపఁబడిరి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన 1918లో, యుద్ధభూమియందు సైనికగురువుగా నుండి తిరిగివచ్చిన ఎరికు మిల్నరు-వైటు, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలా దేవాలయమున దీనిని ప్రవేశపెట్టెను. 1928లో ఆకాశవాణిద్వారా ప్రసారమైనపిమ్మట ఇది అమెరికాకును వ్యాపించి, ఎపిస్కోపలు దేవాలయములలో స్థిరపడినది.

అమెరికాసంఘము తానును ఈకాలమునకు గీతములను సమర్పించినది. ఫిలడెల్ఫియాలో ఎపిస్కోపలు గురువగు ఫిలిప్సు బ్రుక్సు 1865లో బేత్లెహేమును దర్శించి, 1868లో ఆ పల్లెను సంబోధించి ఒక గీతమును బాలల పాఠశాలకొఱకు రచించెను. ఆతని దేవాలయమున ఆర్గనువాద్యకుఁడగు లూయిసు రెడ్నరు దానికి వరుస కట్టెను. ఇంగ్లండులో మాత్రము రాల్ఫు వాను విలియమ్సు 1906లో ఒక జానపదగేయపు వరుసను ఆ గీతమున కతికించెను. అమెరికాసంఘపు 1982 నాఁటి గీతసంహిత రెండు వరుసలకును చోటిచ్చినది. ఒక్క సాహిత్యమునకు రెండు దేశముల వరుసలు ఒక్క గ్రంథమునఁ గలిసియుండుట గమనింపఁదగినది.

కాలనియమము సడలినచో నేమగునో తెలియుటకు హాండెలు రచించిన 'మెస్సయ' తార్కాణము. అది 1742 ఏప్రిలులో డబ్లినున మొదట గానము చేయఁబడెను. న్యూయార్కులో ట్రినిటీదేవాలయ గాయకులకు శిక్షకుఁడగు విలియము టక్కీ 1770 జనవరిలో దాని భాగములను వినిపించెను. నేఁడది డిసెంబరుమాసపు సంగీతోత్సవముగా మాఱినది. అందు ప్రసిద్ధమైన హల్లెలూయ బృందగానము జన్మభాగమునకు గాక, శ్రమమరణపునరుత్థానములను దెలుపు రెండవభాగమునకు ముగింపు. అది తన స్థానమును విడిచి డిసెంబరున వినఁబడునపుడు చెవి కింపుగనే యుండును. కాని దానికి ముందు నడువవలసిన చీఁకటి శ్రోతకు తెలియదు.

తపఃకాలము: మాటను పాతిపెట్టుట

హల్లెలూయ అనునది హీబ్రూపదము. యెహోవాను స్తుతింపుఁడని యర్థము. లెంటుకాలమున ఈ పదము ఆరాధనమునుండి పూర్తిగా తొలఁగింపఁబడును. కొన్ని దేవాలయములలో భస్మబుధవారమునకు ముందు ఈ పదమును పతాకముపై వ్రాసి, పెట్టెలో నుంచి మూసి, ఈస్టరువఱకు దాఁచియుంచుదురు. ఒక్క మాటను ఆఱువారములకుఁ బైగా ఒక సమాజమంతయు నోరార పలుకకుండుట సామాన్యవ్రతము కాదు. ఆహారమును విడుచుట దేహమునకు ఉపవాసమైనట్లు, ఇది వాక్కునకు ఉపవాసము.

భస్మబుధవారమున పశ్చాత్తాపమును దెలుపు 51వ కీర్తన పఠింపఁబడును. దానికి గ్రెగోరియో అల్లెగ్రి రోమునగరమున పోపుగారి దేవాలయముకొఱకు కట్టిన వరుస ఆంగ్లికను దేవాలయములలో మిక్కిలి ప్రియమైనది. ఐదుగురి బృంద మొకటి, నలువురి బృంద మొకటి, నడుమ శుద్ధపఠనము—ఇది దాని నిర్మాణము. 1770లో పదునాలుగేండ్ల మొజార్టు దానిని విని జ్ఞప్తినుండి వ్రాసెనను వృత్తాంతము ప్రసిద్ధము. మఱుసటియేఁట చార్లెసు బర్నీ దానిని లండనులో ముద్రించెను. అయితే నేఁడు శ్రోతలు నిరీక్షించునది ఒక బాలకంఠము మిక్కిలి యున్నతమైన స్వరమును తాఁకు ఘట్టము. ఆ ఘట్టము అల్లెగ్రిది కాదు. వేఱొక శ్రుతిలో వ్రాయఁబడిన యొక భాగము 19వ శతాబ్దిలో పొరపాటున పాఠమున నతుకఁబడుటవలన అది పుట్టినదని సంగీతచరిత్రకారులు నిరూపించిరి. అనఁగా ఈ కృతికంతకును పేరు తెచ్చినది ప్రక్షిప్తము. తాళపత్రములతో పనిచేయు పరిష్కర్తల కిది కొత్త యనుభవము కాదు. మూలపాఠమును స్థాపించుట పండితధర్మము. కాని లోకము ప్రేమించిన ప్రక్షిప్తమును తీసివేయుటకు గాయకులకు చేతులు రాకున్నవి.

పరిశుద్ధవారమున బుధవారపు రాత్రి 'తెనెబ్రే' అను చీఁకటియారాధనము జరుగును. పదునైదు దీపములు వెలిగించి, కీర్తన ముగిసిన కొలఁది ఒక్కొక్కటిగా ఆర్పుదురు. కడపటి దీపమును ఆర్పక దాఁచియుంచి, పెద్ద ధ్వని చేసి, మరల దానిని తెత్తురు. ఇందు యిర్మీయా విలాపవాక్యములు పాడఁబడును. ఆ విలాపములలో పెక్కువాక్యములు హీబ్రూ వర్ణమాలలోని యక్షరక్రమమున మొదలగును. లాటినున ననువదించినవారు ఆ క్రమమును నిలుపుకొనఁజాలక, అలెఫ్, బేత్, గీమెల్ అని యక్షరముల పేళ్లనే వాక్యములకు ముందు వ్రాసిరి. టాలిసు మొదలగు 16వ శతాబ్దివారు అర్థములేని ఆ యక్షరనామములకే దీర్ఘమైన, కరుణాపూర్ణమైన స్వరములు కూర్చిరి. అక్షరమాలికాస్తోత్రములు గల భాషవారికి ఇందలి సొగసు వేఱుగా చెప్పనక్కఱలేదు. అర్థము ముగిసినచోట అక్షరమే యేడ్చుచున్నది.

గురువారపు రాత్రి వేదిక యలంకారములు తొలఁగింపఁబడును. శుక్రవారమున పెక్కుచోట్ల ఆర్గను మ్రోఁగదు. గాయకులు వాద్యసాహాయ్యము లేకయే, సంఖ్యలో స్వల్పమైన పాటలను పాడి, చప్పుడు లేకుండ వెడలిపోవుదురు. సంవత్సరమంతటను ఇదియే గానమునకు కనిష్ఠస్థానము.

ఈస్టరు: మాట మరలి వచ్చుట

శనివారపు రాత్రి చీఁకటిలో క్రొత్త నిప్పు రగిల్చి, దానినుండి ఒక పెద్ద దీపమును వెలిగించి, ఆ వెలుఁగును స్తుతించు దీర్ఘగానమును ఒక్కఁడే పాడును. ఈ జాగరణారాధనమును అమెరికాసంఘము 1979 నాఁటి గ్రంథమున పునరుద్ధరించినది. సృష్టికథ మొదలుగా పాఠములు ముగిసినతరువాత, అధ్యక్షుఁడు ఉత్థానవార్తను ప్రకటింపఁగా, ఇన్నిదినములు దాఁచఁబడిన హల్లెలూయ వెలువడును. కొన్నిచోట్ల ప్రజలు చిన్నగంటలు తెచ్చికొని మ్రోఁగింతురు. ఆర్గను మరల నెలుఁగెత్తును. ఆ క్షణమున పాడఁబడు స్వరము లెంత సామాన్యములైనను కలుగు ప్రభావము అసామాన్యము. ఏలయన అది రచయిత సమకూర్చిన ప్రభావము కాదు. ఆఱువారముల మౌనము సమకూర్చినది. అదివఱకటి యారాధనములకు రాక ఆ రాత్రికే వచ్చిన శ్రోత చక్కని పాట వినును. నలువది దినములు వ్రతమున్నవాఁడు మాత్రము మరలివచ్చిన మాటను వినును.

పెంతెకొస్తు గడచినపిమ్మట దీర్ఘమైన సామాన్యకాలము వచ్చును. అప్పుడు వేదికవస్త్రములు ఆకుపచ్చనివి. పెక్కుచోట్ల వేసవిలో గాయకబృందమునకు విశ్రాంతి నిచ్చి, ప్రజలే గీతములను పాడుకొందురు.

పాడువారెవరు, వినువారెవరు

ఈ గానమును గూర్చి చిరకాలముగా ఒక వివాదము కలదు. శిక్షితులైన కొందఱు పాడుచుండఁగా తక్కినవారు వినుచుండుట యారాధనమగునా, సంగీతసభ యగునా? బృందము పాడుటచేత ప్రజల నోళ్లు మూయఁబడుచున్నవని యొక పక్షము. నోటితో పలుకుట యొక్కటియే ప్రార్థన కాదనియు, చెవితో లోఁగొని మనస్సుతో ననుసరించుటయు ప్రార్థనయే యనియు రెండవ పక్షము. 1982 నాఁటి గీతసంహితయందు 720 గీతములు ప్రజలు పాడుటకే కూర్పఁబడినవి. వానిలో ఒక భాగము సంవత్సరకాలముల క్రమమున నమర్పఁబడినది. కావున సంఘము రెండు పక్షములకును చోటిచ్చి, కాలనియమమును మాత్రము ఇరువురకును సమానము చేసినది. బృందమునకు నిషిద్ధమైన మాట ప్రజలకును నిషిద్ధమే.

బృందమును పోషించుట మిక్కిలి వ్యయసాధ్యము. న్యూయార్కునగరమున ఐదవవీధిలోని సెయింటు టామసుదేవాలయము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. ఇంగ్లండులోని యార్కుప్రధానదేవాలయమునుండి 1913లో వచ్చిన టెర్షియసు నోబులు, 1919లో అక్కడ గాయకబాలురకై నివాసపాఠశాలను నెలకొల్పెను. చదువును గానమును నొక్కచోట నేర్పు అట్టి పాఠశాలలు లోకమున నేఁడు మిక్కిలి యరుదు. 2024లో ఆ దేవాలయమువారు వ్యయభారమును ప్రకటించి, పాఠశాల భవిష్యత్తును గూర్చి బహిరంగముగా నాలోచింపవలసివచ్చెను. బాలురకు మాత్రమే యుండిన గానవిద్య బాలికలకును లభించుట ఈ కాలపు మేలైన మార్పు. ఇంగ్లండులోని సాల్సుబరీ ప్రధానదేవాలయమున 1991లోను, వాషింగ్టనులోని జాతీయదేవాలయమున 1997లోను బాలికాబృందము లేర్పడినవి. చిన్నగ్రామములలోని దేవాలయములలో జీతములేని పదుగురు పెద్దలు వారమున కొకరాత్రి కూడుకొని యభ్యాసము చేసికొందురు. పది స్వరముల కీర్తనవరుస వారికిని సాధ్యమే. ఈ పద్ధతి నిలుచుటకు మహాబృందములకంటె వీరే ముఖ్యాధారము.

గానమును ప్రాచీనభాషయు

గానము భాషను నిలుపునను సత్యమునకు ఇచ్చట రెండు దృష్టాంతములు కలవు. 1662లో ఇంగ్లండు ప్రార్థనాగ్రంథమును సంస్కరించినపుడు, చదువఁబడు సువార్తాదిభాగములకు 1611 నాఁటి నూతనానువాదమును గ్రహించిరి. కాని పాడఁబడు కీర్తనలకు మైల్సు కవర్డేలు 1539 నాఁటి బైబిలుకొఱకు కూర్చిన పాతపాఠమునే యుంచిరి. గాయకుల నాలుక దానికి అలవాటుపడియుండెను. అట్లే 1979లో అమెరికాసంఘము ప్రధానారాధనములకు ప్రాచీనశైలిలో నొకటియు, వర్తమానశైలిలో నొకటియు రెండేసి పాఠముల నిచ్చెను. సామాన్యారాధనము పెక్కుచోట్ల క్రొత్తశైలికి మాఱినను, బృందగానముతోడి సాయంకాలప్రార్థన ప్రాచీనశైలిలోనే నడుచుచున్నది. వరుసలన్నియు ఆ మాటల యక్షరములకు కట్టఁబడినవి. అక్షరము మాఱినచో స్వరము నిలువదు. మన దేశమున శైలీవివాదము వ్యాసములతో నడచినది. అక్కడ దానిని చాలవఱకు పాటయే తీర్చినది.

తెలుఁగునాఁట

ఈ సంప్రదాయమునకును తెలుఁగునకును సంబంధము లేకపోలేదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పుగా నభిషిక్తుఁడైన వేదనాయగం శామ్యూలు అజరయ్య, 1945లో మరణించువఱకు దోర్నకలుమండలము నేలెను. ఆయన తమిళుఁడయ్యు తెలుఁగు నేర్చి, దేశీయగానమును ఆరాధనమున ప్రోత్సహించెను. దోర్నకలులో ఆయన కట్టించిన ప్రధానదేవాలయము 1939 జనవరి 6న, ప్రత్యక్షతాపర్వదినముననే ప్రతిష్ఠింపఁబడి, ఆ పర్వముపేరనే వెలసెను. దేవాలయపు పేరు కూడ పంచాంగమునుండి వచ్చినది. 1947 సెప్టెంబరు 27న ఈ మండలము ఇతరసంఘములతోఁ గలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యెను.

ఇంగ్లీషు వచనగానము మాత్రము తెలుఁగుపల్లెలలో వేరూనలేదు. దాని చోటును పల్లవియు చరణములును గలిగి, రాగతాళములతో నడుచు ఆంధ్రక్రైస్తవకీర్తనలు పొందినవి. వానికి పురుషోత్తమచౌదరి మొదలగు 19వ శతాబ్ది కవులు బాట వేసిరి. వరుస మాఱినను కాలక్రమము మాఱలేదు. ఆగమనము, జననము, శ్రమలు, పునరుత్థానము అను క్రమమున నేకాలపు కీర్తన లాకాలమునకు నేర్పడియున్నవి. శ్రమకాలపు కీర్తనను జన్మపర్వమున నెవ్వరును పాడరు. గాననియమమునకు దేహము రాగము కాదనియు, కాలమే యనియు దీనివలన తేటపడుచున్నది.

ఉపసంహారము

నేఁడు ఏ పాటనైనను ఏ గడియనైనను యంత్రముద్వారా వినవచ్చును. నవంబరులోనే అంగళ్లలో జన్మగీతములు మ్రోఁగుచుండఁగా, జన్మదినము వచ్చునప్పటికి చెవులు అలసియుండును. డిసెంబరు 26న అంగళ్లు మౌనము వహించును. సంఘపంచాంగము ప్రకారము అప్పటికి పండుగలో ఒక్క దినమే గడచినది. పాట లభించుట సులభమైనకొలఁది దానికొఱకు వేచియుండుట దుర్లభమగుచున్నది. ఇట్టికాలమున, పాడఁగలిగియు పాడక, ఒక్క మాటను నలువది దినములు దాఁచి, తగిన రాత్రివఱకు కాచుకొనియుండు సమాజము లోకమున కొక పాఠమును చెప్పుచున్నది. స్వరములను వ్రాసికొనుట సులభము. యంత్రమున నిలువచేయుటయు సులభమే. నిరీక్షణమును మాత్రము నిలువచేయుట కెవ్వరికిని సాధ్యము కాదు. అది ఏఁటేఁట మరల మొదటినుండి చేయవలసిన పని. ఆ పని విడువఁబడిననాఁడు కృతులన్నియు మిగిలియుండును. ఋతుగానము మాత్రము మిగులదు.